నల్లదారం చుట్టిన క్లిప్పు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. బాబాయి, పిన్ని, వాళ్ల అబ్బాయి అన్నయ్య, సిలిండర్లలో గాలి నింపే గాలిమామ, అయిదో మనిషి పిట్ట. బయటివాళ్లు ఎవరూ రాలేదు. ముందురోజు పడిన వానకి ఇంటి ముందు మట్టిదారి మెత్తగా ఉంది, దాని మీద కొత్త టైరు గుర్తు ఒక్కటి కూడా లేదు. కాబట్టి ఏం జరిగినా ఈ అయిదుగురిలోనే జరిగి ఉండాలి. పిట్ట ఆ మాట ఆ రోజంతా మనసులో తిప్పుకుంటూనే ఉంది.

పిట్ట అసలు పేరు అది కాదు. గొంతు విప్పితే పిట్ట కూసినట్టు ఉంటుందని అన్నయ్య పెట్టిన పేరు. ఊళ్లో బడి చదువు అయిపోగానే మూడు నెలల కింద బాబాయి ఇంటికి వచ్చింది. బాబాయి నీళ్లు నిండిన గుహల్లో ఈదడం నేర్పే మనిషి. ఇంటి వెనక సున్నపురాయి గుట్ట ఉంది. నలభై మెట్లు దిగితే చిన్న మడుగు, ఆ మడుగు అడుగు నుంచి గుహ మొదలవుతుంది. నలుగురిలో నోరు విప్పాలంటే చచ్చేంత సిగ్గుపడే పిట్టకి నీళ్ల కింద ఎవరూ మాట్లాడమని అడగకపోవడం ఎంత నచ్చిందో చెప్పలేం. నిన్ననే పరీక్ష అయింది. "పాసయ్యావమ్మా" అన్నాడు బాబాయి, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. ఆయన అన్నయ్యని కూడా అంతకు మించి మెచ్చుకోలేదట.

ఇవాళ బాబాయి లేకుండా మొదటిసారి గుహలోకి వెళ్లడం. అన్నయ్యతో కలిసి రెండో గది దాకా వెళ్లి రావాలి. ఇవాళ సరిగ్గా వెళ్లొస్తే వచ్చే వారం మూడో గదికి, ఆ తర్వాత ఇక్కడే ఉండిపోయి పని నేర్చుకోవచ్చు. సరిగ్గా రాకపోతే తిరిగి ఊరికి.

ఆ ఇంట్లో వీధి గుమ్మం పక్కన ఒక చెక్క ఉంటుంది. దానికి నాలుగు కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో ప్లాస్టిక్ క్లిప్పు, బట్టలు ఆరేసేటప్పుడు పెట్టుకునేలాంటిదే. బాబాయి క్లిప్పుకి మూడు గాట్లు. అన్నయ్యదానికి కాల్చిన చిల్లు. పిన్నిదానికి ఎర్రదారం. పిట్టదానికి ఏ గుర్తు పెట్టుకోవాలో తెలియక వారం రోజులు ఆలోచించి చివరికి ఒక మూల కొరికేసుకుంది. పంటి గాట్లు ఇంకా కనిపిస్తాయి. "ఆకలేస్తే చెప్పొచ్చుగా, క్లిప్పులు తింటావేం?" అని అన్నయ్య రెండు రోజులు నవ్వాడు.

గుహలోకి వెళ్లేవాళ్లు ఎవరి క్లిప్పు వాళ్లు తీసుకెళ్లాలి. లోపల దారి పొడుగునా తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు చీలే చోట, బయటికి వచ్చే వైపు క్లిప్పు పెట్టి ముందుకి వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఎవరిది వాళ్లు తీసుకోవాలి, ఇంటికొచ్చి కొక్కేనికి తగిలించాలి. తాడు మీద ఇంకొకరి క్లిప్పు ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అందుకని ఇంకొకరి క్లిప్పు ముట్టుకోవడం ఆ ఇంట్లో చెయ్యి నరికేసేంత తప్పు.

పిన్ని క్లిప్పు మాత్రం రెండేళ్లుగా కొక్కేనికే ఉంది. ఎడమ చెవి కర్ణభేరికి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి చన్నీళ్లు లోపలికి పోతే కళ్లు తిరిగి కింద ఏదో పైన ఏదో తెలియదని, గుహలో అలా అయితే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి పిన్ని ఒడ్డునే. చిరిగిన సూట్లు కుడుతుంది, రిజిస్టరు చూసుకుంటుంది. పిట్ట సూటు మెడ దగ్గర ఒరుసుకుంటోందని చూసి, అడక్కుండానే విప్పి మెత్తటి గుడ్డ వేసి కుట్టింది. అడక్కుండా పిట్టకి ఏదైనా చేసిపెట్టే మనిషి ఆ ఇంట్లో పిన్ని ఒక్కతే.

అనుమానం పొద్దున సిలిండర్ల దగ్గరే మొదలైంది.

గాలిమామ ముందురోజు సాయంత్రమే ఆరు సిలిండర్లు నింపి, ఒక్కోదాని మీద సుద్దతో గాలి ఒత్తిడి రెండొందల పది అని రాసిపెట్టాడు. పొద్దున పిట్ట మీటరు పెట్టి చూస్తే అయిదింటికి సరిపోయింది. ఆరోది నూట ఇరవై చూపించింది.

"మామయ్యా, ఇది తగ్గింది."

"తగ్గడమేంటమ్మా? నేను నింపానంటే రాయి మీద గీత." గాలిమామ కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకుని చూశాడు. "ఓరి దీని తస్సాదియ్యా! సీలు కారుతున్నట్టుంది."

సిలిండరు మూతి బకెట్టు నీళ్లలో ముంచి చూశారు. ఒక్క బుడగ కూడా రాలేదు.

"నేనే తెరిచాన్లే," అన్నాడు అన్నయ్య వెనక నుంచి. "పొద్దున చెక్ చేద్దామని."

"చెక్ చేయడానికి తొంభై వదిలావా? అది గాలా, నీ అబ్బ సొమ్మా?"

"మా అబ్బ సొమ్మే కదా మామా."

గాలిమామ నవ్వేశాడు. పిట్టకి మాత్రం నవ్వు రాలేదు. అన్నయ్య లేచింది తనకంటే తర్వాత. ఇంకా మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదు. ఎప్పుడు తెరిచాడు?

అడగాలనుకుంది. ఎప్పటిలాగే అడగకుండా ఆరో సిలిండరుని పక్కకి జరిపింది.

బాబాయి మడుగు ఒడ్డున కూర్చుని లెక్క అడిగాడు. "ఎంత పట్టుకెళ్తున్నావు?"

"రెండొందల పది."

"ఎంత దగ్గర తిరగాలి?"

"నూట నలభై. పోవడానికి డెబ్భై, రావడానికి డెబ్భై, మిగతా డెబ్భై ముట్టుకోకూడదు."

"ఎవరి కోసం అది?"

"పక్క మనిషి కోసం."

బాబాయి తలూపాడు. "వచ్చాక చూసింది చూసినట్టు రిజిస్టర్లో రాయాలి. రేపు వెళ్లేవాడు నువ్వు రాసిందే నమ్ముకుని వెళ్తాడు. అందులో అబద్ధం రాసినవాళ్లు నా మడుగులో మళ్లీ కాలు పెట్టరు. నా కొడుకైనా అంతే."

అన్నయ్య మాస్కు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

నీళ్లలోకి దిగాక అనుమానాలన్నీ కాసేపు పైనే ఉండిపోయాయి. మొదటి గది పెద్దది, వెనక్కి చూస్తే మడుగులోంచి వచ్చే వెలుగు ఆకుపచ్చగా కనిపిస్తుంది. దాని తర్వాత ఇరుకు దారి. అది దాటితే వెలుగు ఉండదు. తాడు, లైటు, తన ఊపిరి, అంతే. పిట్ట ఎడమ చేతి వేళ్లు గుండ్రంగా చేసి తాడు చుట్టూ ఉంచింది, తాకీ తాకనట్టు. కాళ్లు మెల్లగా కదిపింది. గట్టిగా కదిపితే అడుగున ఉన్న ఒండ్రు లేచి ఏమీ కనబడదు. ముందు అన్నయ్య, అయిదారు బారల వెనక తను. ముడులు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఆ తాడు చాలామటుకు పిన్ని కట్టిందేనని బాబాయి చెప్పాడు. ప్రతి ముడీ ఒకేలా, జడ చివర వేసినట్టు బిగుతుగా ఉంది.

రెండో గదిలో తాడు రెండుగా చీలుతుంది. ఒకటి మూడో గదికి పోతుంది. ఇంకోటి ఎడమ పక్క సన్నని సందులోకి పోయి సగంలో ఆగిపోతుంది, అది ఎవరూ పూర్తి చెయ్యలేదు. చీలిక దగ్గర ఇద్దరూ క్లిప్పులు పెట్టి, గది చుట్టూ చూసి తిరిగి రావాలి. అదీ పని.

మీటరు చూసుకుని పిట్ట తలెత్తేసరికి అన్నయ్య చీలిక దగ్గర ఆగిపోయి ఉన్నాడు. అతని లైటు తాడు మీద లేదు, గోడ మీదకి తిరిగి ఉంది. పిట్ట తన లైటు ఎత్తింది. ఎడమ సందు తాడు మీద ఒక క్లిప్పు ఉంది. దానికి నల్లదారం చుట్టి ఉంది.

లోపల ఎవరో ఉన్నారు!

మరు క్షణం అన్నయ్య చెయ్యి క్లిప్పు మీద పడింది. ఊడబెరికాడు. తొడ దగ్గర జేబులో వేసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించాడు, బయటికి పోదాం అని. గది చూడలేదు, తమ క్లిప్పులు పెట్టనే లేదు. పిట్ట సందు వైపు లైటు చూపించి, అక్కడెవరని చేతులు తిప్పింది. అన్నయ్య లేరని చెయ్యి అడ్డంగా ఊపాడు. మళ్లీ బొటనవేలు. బొటనవేలు చూపిస్తే ఎదురు అడగకూడదు. అది బాబాయి మొదటి రోజు నేర్పిన మొదటి పాఠం.

తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య బుడగలు ఒకదాని మీద ఒకటి గుంపులుగా పైకి పోతున్నాయి. ఇరుకు దారి దగ్గర తన మీటరు చూపించాడు, నూట పది. పిట్టది నూట అరవై. వెళ్లేటప్పుడు ఇద్దరికీ సమానంగా దిగుతూ వచ్చిన గాలి! అన్నయ్య భయపడ్డాడు. ఎనిమిదేళ్లుగా ఈ గుహలో ఈదుతున్నవాడు ఒక ప్లాస్టిక్ క్లిప్పుని చూసి భయపడ్డాడు.

ఒడ్డున బాబాయి లేడు. గాలి పంపు చెడిపోతే పైకి వెళ్లాడని తర్వాత తెలిసింది. పిట్ట నోట్లో గొట్టం తీసీ తియ్యగానే అడిగింది.

"ఆ క్లిప్పు ఎవరిది?"

"ఏ క్లిప్పు?"

"నువ్వు జేబులో వేసుకున్నది."

"ఓ, అదా. పాతది. ఎప్పటిదో."

"పాతదైతే ఒండ్రు పట్టి ఉండేది. దాని మీద ఏం లేదు."

"ఏమే, ఇంటి దగ్గర ఒక్క మాట రాదు నీకు, ఇక్కడ పోలీసువైపోయావా?" అంటూ నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా రాలేదు. మెట్లన్నీ పరిగెత్తినట్టు ఎక్కేశాడు.

పిట్ట మెల్లగా ఎక్కింది. ఇంటికి రాగానే గుమ్మం పక్కన చెక్క చూసింది. బాబాయిది ఉంది, పిన్నిది ఉంది, అన్నయ్య అప్పుడే తగిలించినది ఇంకా ఊగుతోంది. తనది తగిలించింది. నాలుగు కొక్కేలకు నాలుగు. మరి అయిదోది ఎవరిది? నల్లదారం ఈ ఇంట్లో ఎవరికీ గుర్తు కాదే!

గాలిమామ పనిముట్ల పెట్టె మీద నల్లటేపు ఉంటుంది. పిట్ట చూపు అటు పోయింది.

"మామయ్యా, మీరెప్పుడైనా లోపలికి వెళ్లారా?"

"నేనా?" గాలిమామ పంపు బోల్టు బిగిస్తూ పెద్దగా నవ్వాడు. "స్నానానికి కూడా బకెట్టు లోతు చూసుకుని కూర్చుంటానమ్మా నేను. గాలి నాది, నీళ్లు మీవి. ఎందుకడిగావు?"

"ఊరికే."

"ఊరికే అడిగేదానివి కాదే నువ్వు."

పిట్ట తల దించుకుని సూటు ఆరేయడానికి వెనక గదిలోకి వెళ్లింది. అక్కడ దండెం మీద సూట్లు వరసగా ఉంటాయి. గోడ వారగా అన్నిటికంటే లోపల పిన్ని పాత సూటు. తన సూటు వేలాడదీస్తుంటే మోచెయ్యి దానికి తగిలింది, చల్లగా తడి అంటింది. పిట్ట చెయ్యి వెనక్కి లాక్కుంది. తన సూటు నీళ్లే చింది ఉంటాయనుకుంది. అలా అనుకుంటే బాగుండుననుకుంది. చెయ్యి మళ్లీ చాపి పిన్ని సూటు చేతిలోపలికి రెండు వేళ్లు పెట్టి చూసింది. లోపల కూడా తడే.

అప్పుడు గుర్తొచ్చింది. పాఠాల రెండో వారంలో బాబాయి నీళ్ల కింద అయిదారు బారల దూరంలో ఒక అట్టముక్క పట్టుకున్నాడు. ఏం రంగు అని పలక మీద రాయమన్నాడు. నలుపు, అని రాసింది పిట్ట. బాబాయి దగ్గరికి తెచ్చి దాని మీద లైటు వేశాడు. ఎరుపు. నీళ్లు ముందు మింగేది ఎరుపునే అని ఒడ్డుకొచ్చాక చెప్పాడు.

పిట్ట మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి చెక్క మీదకి వంగింది. బాబాయి క్లిప్పు మీద సున్నపు నీళ్ల తెల్లటి మచ్చలు, అన్నయ్యదాని మీద కూడా. మూడు నెలల తన క్లిప్పుకి కూడా అంచున కొంచెం తెల్లగా పట్టింది. పిన్ని పన్నెండేళ్ల కింద పెట్టుకున్న క్లిప్పు మాత్రం అంగట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తోంది. ఎర్రదారం చివర ఇంకా నలగలేదు.

"అలా చూడకు," అన్నాడు అన్నయ్య. ఎప్పుడొచ్చాడో పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్లాడు. "సరే, తెలిసిపోయింది కదా. విను. నెల్లాళ్ల నుంచి తెల్లవారకముందే వెళ్తోంది. నేనొకసారి చూసేశాను. మొదటి గది దాకానే అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది."

"రెండో గదిలో ఉంది కదా క్లిప్పు."

"నేనూ ఇవాళే చూశాను!" అన్నయ్య వంటింటి వైపు ఒకసారి చూశాడు. "ఒక్క సిలిండరుతో అంత దూరం పోయిందంటే... నేను మాట్లాడతా అమ్మతో. నువ్వు రాయకు. నాన్నకి తెలిస్తే ఆమెని ఆ మెట్లు కూడా దిగనివ్వడు. నీ మొహం జన్మలో చూడదు అమ్మ."

"క్లిప్పు ఎందుకు వదిలేసి వచ్చింది?"

అన్నయ్య జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈ ఇంట్లో అందరికీ క్లిప్పు మరిచిపోవద్దని నేర్పింది పిన్నే కదా," అంది పిట్ట. "ఎందుకు వదిలేసింది అన్నయ్యా?"

ఆ రోజు పిట్ట మాట్లాడినంత మూడు నెలల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అన్నయ్య వెళ్లిపోయాడు.

వంటింటి బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. పెన్ను పక్కనే ఉంది. పిన్ని టీ పెట్టి తెచ్చింది. కప్పు బల్ల మీద పెట్టేటప్పుడు ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుంది. చెవిలో దూది, దాని మీద జుట్టు లాగి కప్పింది.

"రాసెయ్ తల్లీ. బాబాయి చేతులు కడుక్కుని వచ్చేస్తారు."

పిట్ట పెన్ను తీసుకుంది.

"ఎలా ఉంది మొదటిసారి?"

"బాగుంది పిన్నీ."

"ఏమేం చూశావేంటి?"

పిట్ట పెన్ను మూత తీసింది. పిన్ని ఎదురుగా కూర్చుంది. ఎప్పటిలా నవ్వుతూనే ఉంది కానీ కళ్లు మాత్రం పిట్ట చేతిలో పెన్ను మీదే ఉన్నాయి.

"కొత్తవాళ్లకి నీళ్లలో లేనిపోనివి చాలా కనిపిస్తాయి. నాకూ మొదట్లో అలాగే ఉండేది. గోడలు కదిలినట్టు, ఎవరో వెనక వస్తున్నట్టు. అవన్నీ రాస్తే, ఇది బెదిరిపోయింది, ఇంకో నెల ఆగనీ అంటారు మీ బాబాయి." పిన్ని చెయ్యి చాపి పిట్ట మెడ దగ్గర చొక్కా సర్దింది. "వచ్చే వారం మూడో గదికి పంపమని నేనే చెప్తాలే."

పిట్టకి ఏడుపొచ్చింది. మూడు నెలలుగా ఆ చెయ్యి తన మీద పడితే ఇంటికెళ్లినట్టుండేది. ఇప్పుడు అదే చెయ్యి మెడ దగ్గర ఉంటే కదలకుండా కూర్చుంది. రెండో గదిలో అని రాయబోయి ఆగింది. ఏమీ చూడలేదు అని రాయడానికి ఒక్క గీత చాలు. రేపు తెల్లవారకముందు పిన్ని మళ్లీ దిగుతుంది. ఎల్లుండి కూడా. ఏదో ఒక రోజు కొక్కెం మీద క్లిప్పు ఉండదు.

రాసింది. రెండో గది చీలిక దగ్గర, ఎడమ తాడు మీద నల్లదారం చుట్టిన క్లిప్పు ఉంది. అన్నయ్య తీశాడు. గది చూడకుండా తిరిగి వచ్చాం. అంతే. ఎరుపు అని రాయలేదు. చూసింది నలుపే కదా.

పిన్ని తలకిందులుగానే ఆ అక్షరాలు చదివింది. టీ కప్పు తీసుకెళ్లి, పిట్ట ఒక్క గుక్క కూడా తాగని టీని తొట్టిలో పారబోసింది.

బాబాయి వచ్చాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, ఒకసారి పైకి, ఒకసారి మనసులో చదువుకున్నాడు. "నల్లదారమా?" అన్నాడు. పిట్ట తలూపింది. "ఎంత దూరం నుంచి చూశావు?"

"అయిదారు బారలు."

బాబాయి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. నలుగురూ వెనకే వెళ్లారు, గాలిమామ కూడా, చేతిలో పానాతో. పిన్ని క్లిప్పు తీసి అరచేతిలో పెట్టుకుని గోటితో గీకి చూశాడు. తర్వాత కొడుకు వైపు చెయ్యి చాపాడు. అన్నయ్య జేబులోంచి ఇంకో క్లిప్పు తీసి ఇచ్చాడు. సున్నం పట్టి తెల్లగా అయిన క్లిప్పు, పన్నెండేళ్ల ఎర్రదారం.

"తల తిరిగింది కదూ?" అన్నాడు బాబాయి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది పిట్టకి.

"ఒక్క క్షణం."

"క్లిప్పు మరిచిపోయేంత క్షణం."

"ఆ సందులో తాడు నేను కట్టింది. సగంలో ఉంది." పిన్ని గొంతు మామూలుగానే ఉంది. "రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఎవరైనా పూర్తి చేస్తారని చూశాను. మీరు చెయ్యలేదు, వాడు చెయ్యలేదు."

బాబాయి గాలిమామ చేతిలోంచి పానా తీసుకున్నాడు. పిన్ని కొక్కేన్ని పట్టి తిప్పాడు. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది, రెండుసార్లు జారింది. మూడోసారి ఊడి వచ్చింది. చెక్క మీద చిన్న చిల్లు మిగిలింది. పిన్ని అది ఊడేదాకా చూసింది, తర్వాత తన గదిలోకి వెళ్లిపోయింది.

"నీకిప్పుడు హాయిగా ఉందా?" అన్నాడు అన్నయ్య పిట్టతో, పళ్ల బిగువున.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు బాబాయి. "నువ్వు నెల రోజులు నీళ్లలో దిగవు." పిట్ట వైపు చూడకుండానే, "వచ్చే వారం నువ్వు నాతో వస్తున్నావమ్మా, మూడో గదికి," అన్నాడు. మూడు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వంటింట్లో కిటికీ గట్టు మీద చెవిలో వేసుకునే చుక్కల మందు ఉంది. పిన్ని మరిచిపోయి వెళ్లింది. పిట్ట ఆ సీసా తీసుకుని నడవాలోకి వెళ్లింది. పిన్ని గది తలుపు ఓరగా వేసి ఉంది. మంచం అంచున కూర్చుని, చెవిలో దూది తీసి చూసుకుంటోంది పిన్ని. దూది మీద కొంచెం ఎరుపు.

"పిన్నీ, మందు."

పిన్ని లేచి వచ్చింది, గోడ పట్టుకుని. పిట్టని పైనుంచి కింది దాకా చూసింది, ఇవాళే వచ్చిన కొత్తమ్మాయిని చూసినట్టు.

"చూసింది చూసినట్టు రాశావు," అంది. "నేనైనా అదే రాసేదాన్ని."

పిట్టకి ప్రాణం లేచొచ్చింది. "పిన్నీ, ఆ ఎడమ తాడు, నేను నేర్చుకుని..."

పిన్ని సీసా అందుకుంది. పిట్ట చెయ్యి ఇంకా గుమ్మం మీదే ఉంది. ఆ చెయ్యి తీసేదాకా పిన్ని ఓపిగ్గా ఆగింది. తీశాక తలుపు వేసేసింది.